రెండు పట్టికల మధ్య జారిపోతున్న పిల్లలు

పోయిన విద్యా సంవత్సరం బాలల హక్కుల పాఠం చెబుతూ, జాతీయ నేర నమోదు సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022 నివేదికలోని ఒక అంకెను బోర్డు మీద రాశాను. ఆ ఏడాది దేశంలో బాలలపై నమోదైన నేరాలు 1,62,449. వెనక బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, 'వీళ్లలో దళిత పిల్లలు ఎంతమంది మేడమ్?' అని అడిగింది. నివేదిక చూసి మర్నాడు చెబుతానన్నాను. ఆ రాత్రి బాలల అధ్యాయమంతా తిరగేశాను. బాధితుల వయసు ఉంది. ఆడపిల్లా, మగపిల్లవాడా అన్నది ఉంది. నిందితుడు ఇంటివాడా, ఇరుగుపొరుగువాడా, అపరిచితుడా అన్నది ఉంది. న్యాయస్థానాలలో ఎన్ని కేసులు మిగిలిపోయాయో ఉంది. కులం లేదు. మర్నాడు తరగతికి వెళ్లి, ఆ జవాబు దొరికే ఏర్పాటే ఆ నివేదికలో లేదని చెప్పవలసి వచ్చింది.

అదే నివేదికలో మరో అధ్యాయం ఉంది. అందులో షెడ్యూల్డు కులాలపై జరిగిన నేరాలు 57,582గా, షెడ్యూల్డు తెగలపై జరిగినవి 10,064గా నమోదయ్యాయి. అక్కడ కొన్ని నేరాల కింద పద్దెనిమిదేళ్లలోపు బాధితులను విడిగా చూపారు. అయితే అవి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసులు కేసు పెట్టిన సందర్భాలకే పరిమితం. ఎస్సై ఆ సెక్షన్ రాయకపోతే ఆ దళిత బాలిక మొదటి పట్టికలో వట్టి 'బాలిక'గా మిగిలిపోతుంది. నిందితుడు కూడా ఎస్సీ లేదా ఎస్టీ అయితే ఆ చట్టమే వర్తించదు గనుక అప్పుడూ అంతే. అంటే మన గణాంకాలలో పిల్ల కులం కనబడేది పోలీసులు దానిని గుర్తించినప్పుడు మాత్రమే. ఆ అంకె కొలుస్తున్నది కుల హింసను కాదు. కుల హింసను గుర్తించడానికి పోలీసు స్టేషన్లు చూపిన సుముఖతను. ఇక వెనుకబడిన కులాల పిల్లలు, సంచార జాతుల పిల్లలు అయితే ఏ పట్టికలోనూ విడిగా కనబడరు.

ఇది గణాంక శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించిన చిక్కు అనుకుంటే పొరపాటు. రికార్డులో ఏమి రాశారన్న దానిమీదే దర్యాప్తు ఎవరు చేస్తారు, ఏ కోర్టు విచారిస్తుంది, ఆ కుటుంబానికి ఎప్పుడు ఎంత సహాయం అందుతుంది అన్నవన్నీ ఆధారపడి ఉన్నాయి.

ఒక ఉదాహరణను ఊహించుకుందాం. కూలి పనికి వెళ్లే మాదిగ దంపతుల పద్నాలుగేళ్ల కూతురిపై ఊళ్లోని భూస్వామి కొడుకు అత్యాచారం చేశాడు. తల్లి ఫిర్యాదు ఇచ్చింది. స్టేషన్‌లో పోక్సో చట్టం కింద ఎఫ్ఐఆర్ నమోదైంది. ఫిర్యాదులో తల్లి తమ కులం చెప్పలేదు. స్టేషన్‌లో ఎవరూ అడగలేదు. అప్పుడు ఏమవుతుంది? ఎస్సీ, ఎస్టీ చట్టం నియమావళిలోని 7వ నియమం ప్రకారం ఆ చట్టం కింద దర్యాప్తు చేయవలసింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. సెక్షన్ నమోదు కాలేదు కాబట్టి కింది స్థాయి అధికారే సాక్షులను విచారిస్తాడు, వాంగ్మూలాలు రాసుకుంటాడు. నెలల తరవాత ఏ దళిత సంఘమో కలగజేసుకుంటే సెక్షన్ చేర్చుతారు. అప్పటికే జరిగిపోయిన దర్యాప్తు చెల్లదని నిందితుడి న్యాయవాది వాదిస్తాడు. డీఎస్పీ కంటే తక్కువ హోదా అధికారి చేసిన దర్యాప్తు ఆ చట్టం వరకు నిలవదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది కాబట్టి ఆ వాదనకు బలమూ ఉంది.

సహాయం సంగతి చూడండి. 2016లో సవరించిన నియమాల ప్రకారం అత్యాచార బాధితురాలికి అందవలసింది 5 లక్షల రూపాయలు. వైద్య పరీక్ష జరిగి నిర్ధారణ కాగానే అందులో సగం, అభియోగపత్రం దాఖలైనప్పుడు పాతిక శాతం, కింది కోర్టులో విచారణ ముగిశాక తక్కిన పాతిక శాతం ఇవ్వాలి. మొదటి సగం అసలు ఉద్దేశమే ఆ కుటుంబం కూలికి పోలేని రోజులలో, ఊరు ముఖం తిప్పుకున్న రోజులలో నిలదొక్కుకోవడం. సెక్షన్ ఆలస్యమైతే సహాయమూ ఆలస్యమవుతుంది. పోక్సో కింద మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం ప్రత్యేక కోర్టుకు ఉంది. అది వేరే దారి, వేరే దస్త్రం. ఒకే పిల్ల కోసం పోలీసు స్టేషన్, ఆసుపత్రి, బాలల సంక్షేమ సమితి, ప్రత్యేక కోర్టు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయం వేరువేరు కాగితాలు తెరుస్తాయి. వాటన్నింటినీ కలిపే దారం చాలాసార్లు ఆ తల్లి చేతిలోని ప్లాస్టిక్ సంచీయే.

ఇక్కడే 'ఉమ్మడి డేటా ప్రమాణం' అనే మాట అవసరమవుతుంది. పేరు కొంచెం భయపెట్టినా విషయం సులువు. ఒక సంఘటనను నమోదు చేసే సంస్థలన్నీ ఒకే గడులు, ఒకే నిర్వచనాలు, ఒకే గుర్తింపు సంఖ్య వాడాలన్న ఒప్పందమే అది. 'బాధితురాలి వయసు' అంటే నేరం జరిగిన రోజు వయసా, ఫిర్యాదు ఇచ్చిన రోజు వయసా? 'పరిచయస్తుడు' అంటే ఎవరు? 'కేసు' అంటే ఎఫ్ఐఆరా, బాధితురాలా? ఇలాంటి ప్రశ్నలకు అందరూ ఒకే జవాబు ఇచ్చినప్పుడే ఒకచోట రాసింది మరొకచోట అర్థమవుతుంది.

బాలలపై జరిగే నేరాలలో ఒక రంగంలో ప్రపంచం ఈ పని ఇప్పటికే చేసి చూపింది. పిల్లలపై లైంగిక హింసను చిత్రీరించి ఇంటర్నెట్‌లో తిప్పే ముఠాలను పట్టుకోవడానికి పోలీసులు ఒకప్పుడు ఎవరికి వారు అవే బొమ్మలను మళ్లీ మళ్లీ చూసి, తమకు తోచిన పేర్లతో వర్గీకరించుకునేవారు. ఇప్పుడు ప్రతి చిత్రానికీ వేలిముద్ర లాంటి సంకేత సంఖ్య ఉంటుంది. ప్రాజెక్ట్ విక్ వంటి ప్రయత్నాల ద్వారా ఆ సంఖ్యలను, వర్గీకరణలను ఒకే నమూనాలో పంచుకుంటున్నారు. బ్రిటన్ పోలీసులకు జాతీయ స్థాయి చిత్రాల నిధి ఉంది. ఇంటర్‌పోల్ నిర్వహించే అంతర్జాతీయ నిధిలో 2022లో సీబీఐ ద్వారా భారతదేశం 68వ దేశంగా చేరింది. అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రంతో 2019లో ఎన్‌సీఆర్‌బీ ఒప్పందం చేసుకున్నాక, మన దేశానికి సంబంధించిన ఆన్‌లైన్ ఫిర్యాదులు అక్కడినుంచి ఇక్కడికి, ఇక్కడినుంచి రాష్ట్రాల పోలీసులకు చేరుతున్నాయి. ఒక పిల్లను ఒకసారి గుర్తిస్తే మరో దేశంలో మరో అధికారి మళ్లీ మొదటినుంచి వెతకనక్కరలేదు. ఇది చిన్న విషయం కాదు.

ఒక సంకేత సంఖ్య అమెరికా నుంచి ఢిల్లీ మీదుగా మన రాష్ట్రాల పోలీసులకు చేరగలుగుతోంది. అదే పోలీసు స్టేషన్ నుంచి జిల్లా కేంద్రంలోని సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయానికి ఒక దళిత బాలిక కాగితం చేరడానికి మాత్రం ఎవరో ఒకరు వెంటబడాలి. కాబట్టి లోటు సాంకేతికతలో లేదు. ఏ విషయాన్ని పంచుకోదగినదిగా ఎంచుకున్నామన్నదే ప్రశ్న.

మన దేశంలో యంత్రాంగం లేకపోలేదు. పోలీసు స్టేషన్లను కలిపే సీసీటీఎన్ఎస్ పథకానికి 2009లో ఆమోదం లభించింది. పోలీసులు, కోర్టులు, జైళ్లు, ఫోరెన్సిక్ ప్రయోగశాలలు, ప్రాసిక్యూషన్ విభాగాల మధ్య సమాచారం నడవడానికి మరో ఉమ్మడి వ్యవస్థ ఉంది. లైంగిక నేరాల దర్యాప్తు గడువు దాటుతోందా అని చూసేందుకు 2019లో ప్రత్యేక పర్యవేక్షణ వ్యవస్థ వచ్చింది. వీటి నిర్మాణంలో బాధితురాలి సామాజిక వర్గం దర్యాప్తు గతిని మార్చే అంశంగా మొదటి నుంచీ ఉండి ఉంటే, ఎఫ్ఐఆర్ రాసే వేళ కంప్యూటరే ఆ ప్రశ్న అడిగేది. డీఎస్పీకి, సంక్షేమాధికారికి అదే రోజు సమాచారం వెళ్లేది.

ఈ వాదనకు మద్దతు మన నేలకు సంబంధించిన ఒక తీర్పులోనే ఉంది. కర్నూలు జిల్లాలో 2011లో పుట్టుకతో చూపులేని ఒక షెడ్యూల్డు కులపు యువతిపై అత్యాచారం జరిగింది. ఆమె బాలిక కాదు, వయోజనురాలు. అయినా 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన చర్చకు కీలకం. స్త్రీత్వం, కులం, వైకల్యం ఒకే దేహంలో కలిసినప్పుడు అణచివేత వేరే రూపం తీసుకుంటుందని, వాటిని విడదీసి చూడలేమని న్యాయస్థానం వివరంగా చెప్పింది. అత్యాచారానికి విధించిన యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. కానీ ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం రద్దు చేసింది. కులం కారణంగానే నేరం జరిగిందని చూపే సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ విడిగా పెట్టలేదన్నది కారణం. సిద్ధాంతంలో గెలిచిన కులం సాక్ష్యంలో ఓడిపోయింది.

ఆ నేరం నాటికి ఉన్న చట్టం 'కులం కారణంగా' జరిగిందని నిరూపించమనేది. 2015 సవరణ, అంటే 2016 జనవరి 26 నుంచి అమలులో ఉన్న మాట, బాధితురాలి కులం నిందితుడికి తెలిస్తే చాలంటుంది. ఈ తెలియడం అన్నది ఎక్కడ నమోదవుతుంది? మొదటి వాంగ్మూలాలలోనే. నిందితుడిది అదే ఊరా, ఆ కుటుంబం అతడి పొలంలో పని చేసిందా, ఎస్సీ కాలనీ ఎక్కడుందో అతడికి తెలుసా అన్నవి ఆ మొదటి గంటలలో అడిగి రాసుకోవలసిన ప్రశ్నలు. నమూనాలో గడి లేని ప్రశ్నను ఎస్సై అడగడు. అడగని ప్రశ్నకు పదేళ్ల తరవాత ఢిల్లీలో జవాబు దొరకదు. నేరాల గణాంకాలను విడదీసి, వైకల్యం వారీగా కూడా నమోదు చేసే అవకాశాన్ని ఎన్‌సీఆర్‌బీ గట్టిగా పరిశీలించాలని ఆ తీర్పులోనే న్యాయస్థానం సూచించింది. కులానికి, బాల్యానికి కూడా ఆ తర్కం అంతే వర్తిస్తుంది.

లెక్కింపు పద్ధతిలోనే మరో చిక్కు ఉంది. ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా, వాటిలో అతి తీవ్రమైన దానినే ఎన్‌సీఆర్‌బీ లెక్కలోకి తీసుకుంటుంది. దీనిని ముఖ్య నేర సూత్రం అంటారు. రెండుసార్లు లెక్కించకుండా ఉండడానికి అది ఉపయోగమే. కానీ అపహరణ, నిర్బంధం, వెట్టి, లైంగిక హింస కలగలిసిన కేసులో తక్కిన నేరాలు పట్టికలో మాయమవుతాయి. ఇటుక బట్టీలలో, ఇళ్లలో పనికి కుదిర్చిన పిల్లల మీద జరిగే హింస సరిగ్గా ఇలాంటిదే. పేదరికం, కులం, వలస అన్నీ ముడిపడిన ఆ సంఘటనలో మనకు మిగిలేది ఒక్క గడి.

తప్పిపోయిన పిల్లల సంగతి ఇంకో రకం. పిల్ల కనబడడం లేదన్న ఫిర్యాదు వస్తే అపహరణ లేదా అక్రమ రవాణాగా భావించి ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 2013 మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచి ఆదేశం. ఫలితంగా బాలలపై నేరాలలో అపహరణల వాటా బాగా పెద్దది. 2022లో అది 45.7 శాతం. ఆ ఆదేశాన్ని శ్రద్ధగా పాటించిన రాష్ట్రం పట్టికలో నేరాల రాష్ట్రంలా కనబడుతుంది. ఫిర్యాదుదారును వెనక్కి పంపిన రాష్ట్రం శాంతంగా కనబడుతుంది. నమోదు పెరగడం వేరు, నేరం పెరగడం వేరు అని ఎన్‌సీఆర్‌బీయే తన నివేదికలలో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను మన రాజకీయ పక్షాలు ఏటా మరిచిపోయి, అంకెలను ఒకరి మీద ఒకరు విసురుకుంటాయి.

అంకెలను బట్టే వ్యవస్థలూ ఏర్పడతాయి. వందకు పైగా పోక్సో కేసులున్న జిల్లాలలో కేంద్ర నిధులతో ప్రత్యేక కోర్టులు పెట్టాలని 2019 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. లెక్కలోకి వచ్చిన పిల్లలకు కోర్టు వచ్చింది. ఎస్సీ, ఎస్టీ చట్టం నియమాల ప్రకారం జిల్లా కలెక్టర్ అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా సమావేశం కావాలి. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. బాలలపై నేరాల జాబితా ఆ కమిటీ ముందుకు కులం వారీగా రాకపోతే కమిటీ దేనిని పర్యవేక్షిస్తుంది? రెండు చట్టాలూ కలిసిన కేసును ఏ కోర్టు విచారించాలన్న దానిమీద కూడా ఏళ్ల తరబడి వివాదాలు నడిచి, ఉమ్మడి హైకోర్టు సహా పలు హైకోర్టులు పోక్సో ప్రత్యేక కోర్టే విచారించాలని తేల్చవలసి వచ్చింది. చట్టాలు రాసినవారు ఒకే పిల్లను రెండు చట్టాలలోనూ ఊహించుకోలేదు. పట్టికలు గీసినవారూ ఊహించుకోలేదు.

దీనికి ఎదురుగా ఒక బలమైన అభ్యంతరం ఉంది. పోలీసు రికార్డులలో కులం రాయడమే ప్రమాదం కదా? ఖైదీల రిజిస్టర్లలోని కులం గడిని తొలగించాలని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. అలహాబాద్ హైకోర్టు తీర్పును అనుసరించి 2025 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పోలీసు దస్త్రాల నుంచి కులాన్ని తీసివేయాలని ఉత్తర్వు ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ చట్టం కేసులను మినహాయించింది. ఈ అభ్యంతరాన్ని తేలికగా కొట్టిపారేయలేం. పోలీసులు కులం రాసుకున్న చరిత్ర ఎలాంటిదో స్టువర్టుపురానికి తెలుసు. 1871లో మొదలైన నేరస్త జాతుల చట్టం పుట్టుకతోనే మనుషులను నేరస్తులుగా జాబితా కట్టింది. ఎరుకల కుటుంబాలను సెటిల్మెంట్‌లో పెట్టి హాజరు తీసుకుంది. ఆ చట్టం 1952లో రద్దయినా, ఆ చూపు పోలీసు స్టేషన్ల గోడల మీద ఇంకా చెరిగిపోలేదు.

అయితే ఎవరి కులం, ఎందుకోసం, ఎవరి కళ్లకు అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే తేడా తెలుస్తుంది. అనుమానితుడి కులాన్ని నోటీసు బోర్డు మీద రాయడం ముద్ర వేయడం. బాధితురాలి సామాజిక వర్గాన్ని గోప్యంగా నమోదు చేసి, ఆమెకు చట్టం ఇచ్చిన రక్షణను తలుపు దాకా తీసుకువెళ్లడం బాధ్యత. మొదటిదాన్ని చెరిపేసే తొందరలో రెండోదాన్ని కూడా చెరిపేస్తే, కులం పోదు. కులం వల్ల దెబ్బతిన్న పిల్ల ఆనవాలు పోతుంది. మినహాయింపు ఇచ్చిన ఉత్తర్వు కూడా సెక్షన్ నమోదైన కేసులకే దారి ఇస్తుంది. సెక్షన్ నమోదు కాని కేసులే మన సమస్య.

ఇంకా ఒక మెలిక. క్రైస్తవంలోకి మారి ఆ మతాన్ని ఆచరిస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ చట్టం రక్షణ కోరలేడని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వే దానికి మూలం. ఆ న్యాయ వివాదంలోకి ఇక్కడ వెళ్లడం లేదు. కానీ కోస్తా జిల్లాల మాలపల్లెలలో, మాదిగపల్లెలలో ఎన్ని కుటుంబాల పిల్లలు దీనివల్ల ఒక పట్టికలోంచి మరో పట్టికలోకి జారిపోతారో తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి ఉంది. చట్టపరమైన హోదా ఒక గడి, సామాజిక నేపథ్యం మరో గడి అయితే ఆ సంగతి తెలుస్తుంది. రెండింటినీ ఒకటే చేస్తే తెలియదు.

కావలసినవి కొన్నే. పోక్సో ఎఫ్ఐఆర్ నమోదు చేసేటప్పుడు బాధితుల సామాజిక వర్గం, వైకల్యం, వలస స్థితి అడగడం తప్పనిసరి కావాలి. చెప్పడం మాత్రం కుటుంబం ఇష్టానికి వదలాలి. ఎఫ్ఐఆర్ సంఖ్యతో ముడిపడిన ఒకే గుర్తింపు సంఖ్య ఆసుపత్రి నుంచి సాంఘిక సంక్షేమ శాఖ దాకా నడవాలి. సెక్షన్ చేర్చిన తేదీ, డీఎస్పీకి అప్పగించిన తేదీ, సహాయం మొదటి విడత ఖాతాలో పడిన తేదీ మూడూ నమోదు కావాలి. ఆలస్యం ఎక్కడ జరిగిందో తేదీలే చెబుతాయి. వార్షిక నివేదికలో ఎఫ్ఐఆర్‌లతో పాటు బాధితులను, ఒక్క ముఖ్య నేరంతో పాటు తక్కిన నేరాలనూ లెక్కించాలి. గోప్యత విషయంలో రాజీ ఉండకూడదు. పోక్సో చట్టం బాధితుల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తోంది. ఊళ్లో ఒకే ఎరుకల కుటుంబం ఉంటే కులం, వయసు చెప్పడమంటే పేరు చెప్పడమే. కాబట్టి విడి వివరాలు దర్యాప్తు, సహాయం చూసే అధికారులకే పరిమితం కావాలి. ప్రచురించేది జిల్లా స్థాయి మొత్తాలే కావాలి. మరీ చిన్న అంకెలను ప్రచురణలో దాచాలి.

ఇవేవీ అసాధ్యం కావు. పిల్ల ఒకేచోట ఒకేసారి తన బాధ చెప్పుకుంటే చాలన్న ఆలోచనతో 2016లో హైదరాబాద్‌లో భరోసా కేంద్రం మొదలైంది. అదే సూత్రాన్ని కాగితాలకూ వర్తింపజేయాలి. 2024లో ఇంటింటికీ తిరిగి కుల సర్వే చేసిన రాష్ట్రం తెలంగాణ. రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. ఎవరి వాటా ఎంత అని అడగడానికి కులం లెక్క కావాలని అన్ని పక్షాలూ ఒప్పుకున్న కాలమిది. ఎవరి పిల్లలకు ఎంత గాయం అయిందని అడగడానికి మాత్రం అదే లెక్క అక్కరలేదని ఎలా అనగలం?

ఈ ఏడాది నా విద్యార్థులకు ఒక చిన్న పని ఇచ్చాను. సమాచార హక్కు చట్టం కింద ఒక్కొక్కరూ తమ సొంత జిల్లా పోలీసు కార్యాలయాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. గడచిన ఏడాది ఎన్ని పోక్సో కేసులు నమోదయ్యాయి? వాటిలో ఎన్నింటికి ఎస్సీ, ఎస్టీ చట్టం చేర్చారు, ఫిర్యాదు ఇచ్చిన ఎన్ని రోజులకు? వారిలో ఎంతమందికి మొదటి విడత సహాయం అందింది? పేర్లు, ఊళ్లు అడగవద్దని గట్టిగా చెప్పాను. 'అట్టి రికార్డు నిర్వహించబడుటలేదు' అని జవాబు వస్తే ఏం చేయాలని వాళ్లు అడిగారు. జిల్లా పేరు, తేదీ వేసి, ఆ వాక్యాన్ని అలాగే పట్టికలో రాసుకోమన్నాను.